నానమ్మ వాటా

మా ఇల్లు అమ్మకానికి పెట్టే నాటికి అందులో నానమ్మకు నాలుగో వంతు ఉందన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నానమ్మకు అసలే తెలియదు. అప్పటికి ఆవిడ పోయి రెండేళ్లు దాటింది.

ఆ సంగతి బయటపెట్టింది మా ఇల్లు కొనడానికి వచ్చినాయనకు హౌసింగ్ లోను ఇస్తున్న బ్యాంకు లాయరు. 2023 జూన్‌లో అగ్రిమెంటు రాసుకుని 5 లక్షలు అడ్వాన్సు తీసుకున్నాం. జులైలో లీగల్ ఒపీనియన్ వచ్చింది. నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా సర్వే నంబర్లు, హద్దులు, లింకు డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), అన్నీ సవ్యంగా ఉన్నాయన్నారు. నాలుగో పేజీ చివర్లో మాత్రం ఒక ముక్క: చనిపోయిన వ్యక్తి (మా నాన్న) తల్లి గురించిన వివరం లేదు, ఆవిడ బతికుంటే ఆవిడా, లేకపోతే ఆవిడ వారసులూ కూడా అమ్మకందార్లుగా సంతకం పెట్టాలి.

ఆ కాగితం పట్టుకుని నేను మొదట అనుకున్నది, ఈ లాయరుకు మామూలు కావాలేమోనని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మాది గుంటూరు జిల్లాలో చిన్న టౌను. నాన్న జూనియర్ కాలేజీ లెక్చరరు. 1994లో 180 గజాల స్థలం కొని, రెండు విడతల్లో ఇల్లు కట్టారు. పూర్తిగా స్వార్జితం. 2019 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయారు. 61 ఏళ్లు. వీలునామా లేదు. ఇంటి పత్రాలు, ఎల్‌ఐసీ బాండ్లు, కరెంటు బిల్లులు కూడా సంవత్సరాల వారీగా ఫైళ్లలో పెట్టుకున్న మనిషి, ఆ ఒక్క కాగితం రాయలేదు. అడగడానికి మాకూ నోరు రాలేదు. బతికున్న తండ్రిని వీలునామా రాశావా అని అడిగే కొడుకుని మన దగ్గర ఏమంటారో తెలుసుగా.

నాన్న పోయాక మొదట్లో అన్నీ తేలిగ్గా జరిగిపోయాయి. మమ్మల్ని చెడగొట్టింది అదే. ఫిక్స్‌డ్ డిపాజిట్లకు అమ్మ నామినీ. డెత్ సర్టిఫికెట్, ఆధార్ ఇస్తే పది రోజుల్లో డబ్బు అమ్మ ఖాతాలో పడింది. ఎల్‌ఐసీ డబ్బూ అలాగే వచ్చింది. బ్యాంకు డిపాజిట్లకు నామినీ అంటే ఆ డబ్బు తీసుకుని వారసులకు పంచాల్సిన మనిషే తప్ప సొంతదారు కాదని నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది.

తర్వాత ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో పెట్టాను. విచారణకు వీఆర్వో ఇంటికి వచ్చారు. నానమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. కొడుకు కర్మకు వచ్చి, కదల్లేక నెల రోజులు ఉండిపోయింది. వసారాలో నులక మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కుటుంబ సభ్యులెవరని వీఆర్వో అడిగారు. అమ్మ, నేను, చెల్లి అని చెప్పాను. ఆయన నానమ్మ వైపు చూశారు. "నానమ్మండీ, ఆవిడ రేషన్ కార్డు మా బాబాయ్ వాళ్లతో ఉంది" అన్నాను. అబద్ధం కాదు. దాచాలనీ కాదు. కుటుంబం అంటే రేషన్ కార్డు అని నా బుర్రలో పడిపోయింది, అంతే. ఆయన ముగ్గురి పేర్లూ రాసుకున్నారు. నానమ్మ తల కూడా ఎత్తలేదు.

ఆ సర్టిఫికెట్‌తో మున్సిపాలిటీలో ఇంటిపన్ను అమ్మ పేరుకు మార్పించాం. పన్ను రశీదు మీద అమ్మ పేరు చూసి, ఇల్లు అమ్మదైపోయిందనుకున్నాం. పన్ను ఎవరు కట్టాలో చెప్పే కాగితం అది. ఇల్లు ఎవరిదో చెప్పే కాగితం కాదు.

ఒపీనియన్ తీసుకుని వెళ్లింది నాన్న దగ్గర ఇంటర్ చదువుకున్న ఒక లాయరు గారి దగ్గరకు. ఆయన కాగితం చదివి, "నానమ్మ గారు ఎప్పుడు పోయారు?" అన్నారు. 2021 మే, కరోనా రెండో విడతలో అని చెప్పాను. "సార్ కంటే తర్వాత. అయ్యో" అన్నారు. ఆ అయ్యో నాకు అర్థం కాలేదు.

ఆయన గోడకున్న క్యాలెండర్‌లో పాత నెల కాగితం చింపి వెనక వంశవృక్షం గీశారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మగమనిషి పోతే మొదటి తరగతి వారసులకు ఆస్తి సమానంగా వెళ్తుంది. కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి. "తండ్రి మొదటి తరగతిలో లేడు, గమనించావా? మీ తాతయ్య బతికున్నా ఆయనకు పైసా రాదు. నానమ్మకు మాత్రం నీతో సమానంగా వస్తుంది." మన ఇళ్లలో అందరూ సరిగ్గా దీనికి ఎదురుగా అనుకుంటారని నవ్వారు.

"ఆవిడ ఏమీ అడగలేదండీ. నాకెందుకురా ఇవన్నీ అనేది" అన్నాను.

"అడగక్కర్లేదు. సార్ ఊపిరి ఆగిన క్షణంలోనే నాలుగో వంతు ఆవిడదైపోయింది. వద్దనుకుంటే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. నోటిమాట చెల్లదు."

బతికుండగా తెలిసి ఉంటే నానమ్మ ఒక్క సంతకంతో, కాదు, ఒక్క వేలిముద్రతో అయిపోయే పని. ఆవిడ కూడా వీలునామా రాయకుండా పోయి ఉంటే ఆ నాలుగో వంతు ఆవిడ వారసులకు వెళ్తుంది. ఆడమనిషి వారసత్వానికి చట్టంలో లెక్క వేరు. కొడుకులు, కూతుళ్లు, భర్త, ఆవిడ కంటే ముందు పోయిన బిడ్డల పిల్లలు. తాతయ్య ఎప్పుడో పోయాడు. కాబట్టి బాబాయ్‌కి ఒక భాగం, అత్తకు ఒక భాగం, నాన్నకు రావాల్సిన భాగం నాకూ చెల్లికీ. ముందే పోయిన కొడుకు భార్యకు ఇందులో చోటు లేదు, అంటే ఈ ముక్కలో అమ్మకు ఏమీ రాదు. లాయరు గారు ఇల్లంతటినీ 24 భాగాలు చేశారు: అమ్మకు 6, నాకు 7, చెల్లికి 7, బాబాయ్‌కి 2, అత్తకు 2. రేటు 72 లక్షలు కాబట్టి ఒక్కో భాగం 3 లక్షలు. బాబాయ్‌కి 6 లక్షలు, అత్తకు 6 లక్షలు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట అంది. "ఈ ఇంటి స్లాబుకి నా గాజులు పెట్టాం. దానికి చట్టంలో ఎన్నో వంతురా?"

చెల్లి అయితే సూటిగా అడిగింది, నానమ్మ నాన్న కంటే ముందే పోయిందని ఒక అఫిడవిట్ రాసిచ్చేస్తే సరిపోదా అని. ఒప్పుకుంటాను, నాకూ ఆ ఆలోచన వచ్చింది. లాయరు గారిని అడిగాను కూడా. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సార్ కొడుకువి కాబట్టి నాకు వినపడలేదనుకుంటాను" అన్నారు.

బాబాయ్‌తో మాకు రాకపోకలు తగ్గి చాలా కాలమైంది. నాన్న పోయాక నానమ్మ బాబాయ్ దగ్గరే ఉంది. చివరి ఏడాదిన్నర మంచంలోనే. పిన్ని చేసింది అన్నీ. నేను హైదరాబాదు నుంచి పండక్కి వెళ్లి నానమ్మ చేతిలో 2 వేలు పెట్టి వచ్చేవాణ్ణి. ఆవిడ పోయినప్పుడు లాక్‌డౌన్, దహనానికి కూడా అందలేదు. ఇప్పుడు ఇల్లు అమ్ముకోవడానికి సంతకం కావాలని వెళ్లాలి. వారం రోజులు ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను.

చివరికి ఒక ఆదివారం పల్లెకు వెళ్లాను. బాబాయ్ గేదెకు కుడితి పెడుతున్నాడు. పిన్ని మజ్జిగ ఇచ్చింది. విషయమంతా చెప్పాను, 6 లక్షల లెక్కతో సహా. అది విని సంతోషిస్తాడనే అనుకున్నాను, ఊహించని డబ్బు కదా. బాబాయ్ అంతా విని, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లి, బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు.

అందులో తెల్ల కాగితం మీద రాసిన వీలునామా. తేదీ 2021 ఏప్రిల్ చివరిది, నానమ్మ పోవడానికి రెండు వారాల ముందు. 'నాకు గల సమస్త స్థిర చరాస్తులు నా చిన్న కుమారునికే చెందవలెను' అని ఉంది. కింద వేలిముద్ర. పక్కన ఒక సాక్షి సంతకం, అది పిన్ని తమ్ముడిది. ఇంకో సంతకం రాసినతనిది. ఆ వేలిముద్ర నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నీలం సిరాలో, గీత గీతా విడివిడిగా, లెక్కపెట్టుకోవచ్చు అన్నంత శుభ్రంగా పడింది.

"నాలుగో వంతూ నాదేరా. 18 లక్షలు. అమ్మని ఎత్తింది, కడిగింది ఎవరో ఊరంతా చూసింది" అన్నాడు బాబాయ్. జవాబు లేదు నా దగ్గర. మజ్జిగ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

ఫోటో తీసుకోనిచ్చాడు, అదొక్కటే మేలు. దాన్ని చూసి లాయరు గారు చెప్పిన సంగతులు ఇలాంటి కాగితాలతో తిప్పలు పడే వాళ్లకు పనికొస్తాయి. వీలునామా తెల్ల కాగితం మీద ఉండొచ్చు, రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుంది, సంతకం బదులు వేలిముద్ర ఉన్నా ఫర్వాలేదు. కానీ ఇద్దరు సాక్షులు ఉండి తీరాలి. రాసినతను రాసినవాడిగా సంతకం పెట్టాడు గానీ సాక్షిగా పెట్టలేదు. సాక్షిగా కూడా పెట్టానని అతను కోర్టులో నిలబెట్టగలగాలి, లేదంటే ఉన్నది ఒక్క సాక్షే. పైగా అంతా ఒక్కడికే వచ్చింది, మిగతావాళ్లకు ఎందుకు లేదో ఒక్క ముక్క లేదు, ఆవిడ మంచంలో ఉంది, లాభం పొందేవాడి ఇంట్లోనే రాశారు. ఇలా అనుమానాలున్నప్పుడు వాటిని తీర్చాల్సిన బాధ్యత వీలునామా తెచ్చినవాడిదేనని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటికీ కోర్టుల్లో ఆ తీర్పే చదువుతారట.

"అంటే గెలుస్తామా?" అన్నాను.

"గెలుస్తావు. ఎప్పుడు అనేది అడక్కు."

భాగాల దావా అంటే ముందు ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, తర్వాత ఆస్తిని చూసి ఎలా పంచాలో చెప్పే కమిషనర్, తర్వాత ఫైనల్ డిక్రీ, మధ్యలో అప్పీళ్లు. 180 గజాల్లో పన్నెండో వంతు అంటే 15 గజాలు, గోడ కట్టి ఇచ్చేది కాదు కాబట్టి చివరికి కోర్టు ఇల్లు అమ్మించి డబ్బు పంచాల్సిందే. ఇప్పుడు మేం చేద్దామనుకున్న పనే, పదేళ్ల తర్వాత. ఈలోగా కొనేవాళ్లు అడ్వాన్సు తిరిగి అడుగుతున్నారు. అది చెల్లి కూతురి కాలేజీ ఫీజుకు కట్టేశాం. రాత్రి రెండింటికి లేచి కూర్చుని లెక్కలు వేసేవాణ్ణి. బీపీ మాత్ర ఆ నెలలోనే మొదలైంది.

అత్త సంగతి చెప్పలేదు కదూ. గుంటూరులో ఉంటుంది, మిషను కుట్టి ముగ్గుర్ని చదివించింది. ఈ గొడవ తెలియగానే బాబాయ్ ఆమెకు ఫోన్ చేసి, నీకు పెళ్లప్పుడు 50 సెంట్లు పసుపు కుంకుమ కింద ఇచ్చాం, ఇంక నీకు దేంట్లోనూ వాటా లేదు అన్నాడట. అత్త మాకు ఫోన్ చేసి పకపకా నవ్వింది. "ఆ 50 సెంట్లు 30 ఏళ్లుగా దున్నుతోంది వాడు. పాసుపుస్తకం వాడి పేరున ఉంది. నాకు ఇచ్చింది పసుపూ కుంకుమే, పొలం కాదు." పసుపు కుంకుమ అని నోటితో ఇచ్చిన పొలం రిజిస్టర్ దస్తావేజు లేకపోతే దానం కిందకు రాదట. ఒకవేళ నిజంగా ఇచ్చినా, తల్లి ఆస్తిలో కూతురి వాటా దాంతో పోదు. ఆ నవ్వు తర్వాత అత్త పూర్తిగా మా వైపు అనుకున్నాను. అదీ తప్పే. "మీ నాన్న ఉన్నప్పుడు ఆ పొలం గురించి ఒక్క మాట మాట్లాడాడా?" అని వెంటనే అంది.

లాయరు నోటీసు ఇవ్వక తప్పలేదు. నోటీసు అందిన రోజు నుంచి ఫోన్లు ఆగిపోయాయి. సెప్టెంబరులో బాబాయ్ కూతురి నిశ్చితార్థానికి మమ్మల్ని పిలవలేదు. వాట్సాప్ స్టేటస్‌లో ఫోటోలు చూసి అమ్మ ఫోన్ పక్కన పెట్టేసింది.

లోక్ అదాలత్ ఆలోచన లాయరు గారిదే. కేసు వేయకుండానే మండల న్యాయ సేవాధికార కమిటీలో ప్రీ లిటిగేషన్ అర్జీ పెట్టొచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడితే వచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఒప్పుకోకపోతే ఎవరి దారి వారిది. బాబాయ్ రాడనుకున్నాం. వచ్చాడు. వాళ్ల లాయరు కూడా రెండో సాక్షి లేని సంగతి చూసే ఉంటాడు.

మూడు సార్లు కూర్చున్నాం. మొదటిసారి అరుపులు. రెండోసారి బాబాయ్ 18 నుంచి 12కు దిగాడు, మేం 6 దగ్గరే నిలబడ్డాం. మూడోది డిసెంబరులో. బెంచీ మీదున్న జడ్జి గారు మా అంకెలన్నీ విని కాగితం పక్కన పెట్టి, వెనక గోడ దగ్గర నిలబడ్డ పిన్నిని ముందుకు పిలిచారు. మీరేమైనా చెబుతారా అని అడిగారు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేను వాటా అడగట్లేదండీ. ఏడాదిన్నర పక్కగుడ్డలు ఉతికాను. వీళ్లలో ఒక్కళ్లూ ఎలా ఉందని నన్ను అడగలేదు. అత్తమ్మ ఎలా ఉందని అడిగేవాళ్లు" అంది.

నాకు ఆ 2 వేల నోట్లు గుర్తొచ్చాయి.

అమ్మ నా వైపు చూడలేదు. నేరుగా జడ్జి గారితో, "నా దాంట్లోంచి ఒక లక్ష ఎక్కువ ఇస్తాను, ఆ అమ్మాయికి" అంది. బాబాయ్‌కి అని అనలేదు. చెల్లి నా మోచేతిని పొడిచింది. మేమూ చెరో లక్ష అన్నాం. బాబాయ్‌కి 9, అత్తకు 6, అమ్మకు 17, మా ఇద్దరికీ చెరి 20. ఆ వీలునామా మీద ఇకపై ఏ హక్కూ కోరనని బాబాయ్ రాసిచ్చాడు. టీ తాగేంత సేపట్లో అయిపోయింది. ఐదు నెలలు ఎందుకు పట్టిందో మరి.

పెంచిన మూడు లక్షలూ పిన్ని పేరున డిపాజిట్ చేయాలని అమ్మ పట్టుబట్టింది. బ్యాంకు ఫారంలో నామినీ గడి వచ్చినప్పుడు, నామినీ అంటే ఏంటో అమ్మ పిన్నికి ఒక పావుగంట లెక్చరు ఇచ్చిందట. నాన్న కాలేజీలో కూడా అంతసేపు చెప్పి ఉండరు.

2024 జనవరిలో రిజిస్ట్రేషన్. విడిగా హక్కు విడుదల దస్తావేజులు ఎందుకని, అమ్మకం దస్తావేజులోనే ఐదుగురినీ అమ్మకందార్లుగా చేర్చారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో ఐదుగురం ఒకే బల్ల మీద వరసగా కూర్చున్నాం. నాన్న పోయాక అందరం ఒకచోట కూర్చోవడం అదే మొదలు. అత్త అందరికీ కారప్పూస తెచ్చింది. దస్తావేజు లేఖరి గుమాస్తా ఒక్కొక్కరి పేరూ పిలిచి వేలిముద్రల మిషన్ దగ్గరకు పంపిస్తున్నాడు. అమ్మది అయింది. నాది, చెల్లిది, బాబాయ్‌ది అయింది.

అత్త వేలు పడలేదు. తుడిచి పెట్టింది, పడలేదు. ఆపరేటర్ తడి గుడ్డ ఇచ్చాడు. ఇంకో వేలు పెట్టమన్నాడు. నలభై ఏళ్లు సూదీ కత్తెరా పట్టిన వేళ్లు, నున్నగా అరిగిపోయి ఉన్నాయి. తలకు రాసుకోండమ్మా, నూనె తగిలితే పడుతుంది అన్నాడు. అత్త బొటనవేలు పాపిట్లో రుద్దుకుంటూ నవ్వింది.

"మా అమ్మదీ ఇంతే బాబూ. నాట్లేసీ కలుపు తీసీ వేళ్ల మీద గీతన్నది మిగల్లేదు. రేషన్ షాపులో మిషనుకి ఏనాడూ పడేది కాదు, ఇంకు పూసి కాగితం మీద వేయించినా మరకలాగే వచ్చేది."

నేను చెల్లి వైపు చూశాను. చెల్లి అప్పటికే నా వైపు చూస్తోంది. ఆ వీలునామా ఫోటో ఇంకా మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. బాబాయ్ లేచి, మంచినీళ్లు ఎక్కడుంటాయని ఎవరినో అడుగుతూ మెట్లు దిగి వెళ్లాడు.

ఐదోసారికి మిషను కూసింది. "పడింది" అంది అత్త.

అమ్మ కారప్పూస పొట్లం మడిచి, మిగిలింది బాబాయ్ కోసం పక్కన పెట్టింది.